కాపరి కుక్కను ఇంటికి తెచ్చే ముందు...

పొట్టి కాళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు గల పెంబ్రోక్ వెల్ష్ కోర్గీ కుక్కను ఫోన్లలో చూసి మన పిల్లలు ముచ్చటపడుతున్నారు. "మనమూ తెచ్చుకుందాం" అని పట్టుబడుతున్నారు. కుక్క అనగానే ఈసడించుకునేవారు కొందరైతే, 'అందరూ పెంచుతున్నారుగా' అని తెచ్చేసుకునేవారు మరికొందరు. ఈ రెండు వైఖరులూ సరైనవి కావు. ధర్మం ఏమంటున్నదో, ఆ ప్రాణి స్వభావం ఏమిటో తెలుసుకున్న తర్వాతే మనం నిర్ణయానికి రావాలి.

ధర్మం ఏమంటోంది?

ఇస్లాం కుక్క పట్ల క్రూరత్వాన్ని నేర్పలేదు. గుహవాసుల వెంట ఉన్న కుక్క ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో ఉంది. దాహంతో అల్లాడుతున్న కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని మహాప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం).

అయితే దయ చూపటం వేరు, ఇంట్లో ఉంచుకోవటం వేరు. పశువుల కాపలా, పొలం కాపలా, వేట - ఈ అవసరాలకు తప్ప కుక్కను ఉంచుకునేవారి సత్కర్మల్లో ప్రతిరోజూ ఒక ఖీరాత్ పుణ్యం తగ్గిపోతుందని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). నిజంగా అవసరమైతే ఇంటి కాపలాకు కూడా ఈ అనుమతి వర్తిస్తుందని పలువురు పండితులు అభిప్రాయపడ్డారు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు: "కోర్గీ పశువుల కాపరి జాతే కదా, మరి అనుమతి ఉన్నట్టేగా?" కాదు. అనుమతి పనికి ఇవ్వబడింది, జాతికి కాదు. మందను కాసే ఊరకుక్క అనుమతి పరిధిలోకి వస్తుంది. సోఫా మీద ముద్దుకోసం కూర్చోబెట్టిన కోర్గీ రాదు.

దాని స్వభావం

కోర్గీ పుట్టిల్లు బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం. ఎత్తు 25 నుండి 30 సెంటీమీటర్లు, బరువు దాదాపు 10 నుండి 13 కిలోలు. ఆవుల మడమలను పళ్లతో గిల్లి ముందుకు నడిపించటం దాని వృత్తి. పొట్టిగా ఉండటం వల్ల ఆవు తన్నినా కాలు దాని పైనుంచి పోతుంది. ఆ గుణం రక్తంలోనే ఉంది గనుక పశువులు లేని ఇంట్లో పరుగెత్తే పిల్లల మడమలను పడుతుంది. గట్టిగా మొరుగుతుంది. పని, నడక లేకపోతే వస్తువులు కొరికి పాడుచేస్తుంది.

దాని వెన్ను పొడవు. బరువు పెరిగినా, ఎత్తు నుంచి దూకినా వెన్నుపూసల మధ్య దెబ్బతిని కాళ్లు పడిపోయే ప్రమాదముంది. రెండు పొరల దట్టమైన బొచ్చు చలిదేశానికి తగినది. మన ఎండల్లో చల్లని చోటు, ఎప్పుడూ నీళ్లు ఉండాలి. బొచ్చు విపరీతంగా రాలుతుంది. అందం కోసం దాని తోక కత్తిరించే ఆచారం ఉంది. జంతువుల అవయవాలు కోసేవారిని ప్రవక్త (స) శపించారని మరువరాదు (బుఖారీ).

శుభ్రత, ఆరోగ్యం

కుక్క లాలాజలం అశుద్ధమని హనఫీ, షాఫయీ, హంబలీ పండితుల అభిప్రాయం. అది మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలని హదీసులో ఉంది (ముస్లిం). హనఫీల వద్ద మూడుసార్లు కడగటం తప్పనిసరి, ఏడుసార్లు ఉత్తమం. కనుక నమాజు చేసే చోటికి, వంటింటికి, పడకలకు దూరంగా దానికి వేరే నీడ, వేరే పాత్రలు ఏర్పాటు చేయాలి.

రేబిస్ టీకా ప్రతి ఏటా వేయించాలి. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బు, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యం ప్రాణాంతకం.

కొనటమా, దత్తత తీసుకోవటమా?

కుక్క అమ్మకపు సొమ్మును ప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). అధిక సంఖ్యాక పండితులు ఈ అమ్మకాన్ని సమ్మతించలేదు. ప్రయోజనమున్న కుక్కల విషయంలో హనఫీ పండితులు అనుమతించారు. నిజమైన అవసరమున్నవారు, యజమానులు వదిలేసిన కుక్కను డబ్బు లేకుండా స్వీకరిస్తే ఈ చిక్కు ఉండదు. అయితే ఎందుకు వదిలేశారు? ఎవరినైనా కరిచిందా? టీకాలు వేశారా? వెన్ను, తుంటి జబ్బులున్నాయా? ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి.

కోర్గీ 12 ఏళ్లకు పైగా బతుకుతుంది. పిల్లల ముచ్చట నెల రోజుల్లో తీరిపోతుంది. ఆ తర్వాత దాన్ని వీధిలో వదిలేయటం ఘోరం. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైందన్న హదీసు (బుఖారీ, ముస్లిం) మనల్ని వణికించాలి.

అవసరం లేనివారు పిల్లలకు మరో మార్గం చూపండి. ఎండాకాలంలో గుమ్మం బయట మూగజీవాలకు ఒక తొట్టి నీళ్లు పెట్టమనండి. దయా నేర్చుకుంటారు, పుణ్యమూ నష్టపోరు. అల్లాహ్ మనందరికీ ధర్మాన్ని అర్థం చేసుకునే బుద్ధిని, మూగప్రాణుల పట్ల కరుణను ప్రసాదించుగాక! ఆమీన్.