నలుగురి దళము – నాలుగు వందల నాణెములు



పాండవులు విరాటుని కొలువున అజ్ఞాతవాసము గడపిన కథ మీరెఱుగుదురు. ధర్మరాజు కంకుభట్టై సభలో కూర్చుండెను. భీముడు వలలుడై వంటశాల చేరెను. అర్జునుడు బృహన్నలయై నాట్యము నేర్పెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను కాచిరి. ద్రౌపది సైరంధ్రియై రాణిని కొలిచెను. అందఱును వంటశాలకే పోయియుండినచో ఆ యేడు గడచెడిది కాదు. ఎవరి నేర్పునకు తగిన పనిని వారు ముందే యెంచుకొనిరి.

ఈ కథను ఇప్పుడు తలచుటకు కారణము గలదు. మా తరగతి బాలుడొకడు ఒక పాత వీడియో ఆటలో తన దళమెట్లు ఓడెనో తోడివారికి చెప్పబోయి, సగము ఆంగ్లమును సగము ఈ రాష్ట్రపు భాషను కలిపి, తెలుగు మాట తోచక నడుమ నిలిచిపోయెను. “ఇది తెలుగులో చెప్పుటకు వీలుపడదండీ” అనెను. వీలగునో కాదో చూతము. మనకు ప్రియమైన విషయమును మన మాటలలో చెప్పుకొనకున్నచో, మన భాష పరీక్షకు మాత్రమే మిగులును.

ఆ ఆట పేరు ‘ఫైనల్ ఫాంటసీ’. హిరొనోబు సకగూచి రూపకల్పనలో జపాను దేశపు స్క్వేర్ సంస్థ దీనిని 1987 డిసెంబరులో వెలువరించెను. 1990 లో అమెరికాలో ఆంగ్లరూపము వచ్చెను. ఈ పాఠములోని లెక్కలు ఆ తొలి రూపమునకు చెందినవి. తరువాతి రూపములలో ధరలును నియమములును కొంత మాఱినవి. భూమి, అగ్ని, జలము, వాయువు అను నాలుగింటికి చెందిన స్ఫటికములు కాంతి కోల్పోగా, నలుగురు వీరులు వానికి మరల వెలుగు తెచ్చుటయే కథ. ఆ నలుగురెవరో ఆట మొదటనే నిర్ణయింపవలెను. పిదప మార్చుటకు వీలులేదు.

వృత్తులు ఆఱు. యోధుడు బరువైన కవచము ధరించి దెబ్బలకోర్చును. ముష్టియోధుడు మొదట సామాన్యుడే కాని, స్థాయి పెరిగినకొలది వట్టి చేతులతోనే శత్రువును కూల్చును. చోరుడు తొలిదశలో బలహీనుడు. శ్వేత మాంత్రికుడు గాయములు మాన్పును. కృష్ణ మాంత్రికుడు అగ్నితోను పిడుగుతోను శత్రువులను దహించును; అతని దేహము మాత్రము మిక్కిలి సుకుమారము. అరుణ మాంత్రికుడు రెండు విద్యలను కొంత కొంత నేర్చి, కత్తియు పట్టును. ఉన్నతమంత్రములు అతనికి అందవు.

ఈ ఆఱు వృత్తులనుండి నలుగురిని ఎన్ని విధముల ఎన్నుకొనవచ్చును? ఒకే వృత్తివారు ఎందఱైనను ఉండవచ్చును, వరుసను లెక్కింపనక్కరలేదు. అట్లయిన 126 విధములు. నలుగురును వేర్వేరు వృత్తులవారే కావలెనన్నచో 15 విధములు మాత్రమే. వీనిలో ఏ దళముతోనైనను ఆటను ముగింపవచ్చును గాని, శ్రమ ఒక్కటి కాదు.

మన బాలుడు నలుగురినీ కృష్ణ మాంత్రికులనే తీసికొనెను. “వారి దెబ్బ పెద్దది గదా!” అని అతని వాదము. లెక్క వేయుదము. ప్రారంభమున దళమునకు లభించు ధనము 400 నాణెములు. మొదటి తరగతి మంత్రమొక్కటి 100. నలుగురికి నాలుగు మంత్రములు కొనగానే సంచి ఖాళీ. ఆయుధము లేదు, కవచము లేదు. తొలి స్థాయిలో ఒక్కొక్కడు మంత్రమును రెండుమార్లే ప్రయోగింపగలడు. నాలుగు రెండ్లు ఎనిమిది. తొమ్మిదవ దెబ్బకు వట్టి చేతులే గతి. మరల శక్తి రావలెనన్నచో సత్రమునకు పోయి నిద్రింపవలెను. ఎట్లో కొంత పెరిగి, విషజంతువులుండు చిత్తడినేల గుహను చేరిరి. గాయము మాన్పువాడు లేడు. ముందు నిలిచి దెబ్బ కాచువాడు లేడు. నలుగురును అచటనే పడిపోయిరి.

ఇప్పుడు యోధుడు, ముష్టియోధుడు, శ్వేత మాంత్రికుడు, కృష్ణ మాంత్రికుడు అను దళమును చూడుడు. గాయము మాన్పు మంత్రము 100, అగ్నిమంత్రము 100, యోధునికి గొలుసు కవచము 80, సన్నకత్తి 10, శ్వేతునికి ఇనుప సుత్తి 10, కృష్ణునికి చిన్న బాకు 5, తక్కిన మువ్వురికి నూలు వస్త్రములు 30. మొత్తము 335. మిగిలినది 65. అందు 60 పెట్టి గాయమునకు ఔషధమొకటి కొనవచ్చును.

నిలుచు వరుసయు ముఖ్యమే. శత్రువు దెబ్బ మొదటివానిపై పడు అవకాశము సగము, రెండవవానిపై నాల్గవ వంతు, మూడవ నాల్గవవారిపై ఎనిమిదవ వంతు చొప్పున. కూడి చూడుడు, సరిగా ఒకటి వచ్చును. కనుక కవచధారి ముందు, సుకుమారుడు వెనుక నిలువవలెను.

ఇక ఒక్కొక్కని పెంపకము. మంత్రములు ఎనిమిది తరగతులు. ప్రతి తరగతిలో తెల్లనివి నాలుగు, నల్లనివి నాలుగు గలవు. ఒక మాంత్రికుడు ఒక తరగతిలో మూడింటికి మించి నేర్వరాదు; నేర్చినదానిని మఱవరాదు. నల్లనివానిలో నాల్గవ తరగతికి చెందిన వేగమంత్రము శత్రువును తాకదు; అది యోధుని దెబ్బల సంఖ్యను రెట్టింపు చేయును. దెబ్బ పెద్దదిగా కనబడు మంత్రములనే కోరువాడు దీనిని విడిచిపెట్టును. తోడివానిని తలచువాడు దీనిని తప్పక నేర్చును. ఒకనికి ఏ విద్య తగునో అతనిని మాత్రమే చూచి చెప్పలేము. పక్కన నిలిచినవారిని కూడ చూడవలెను.

బలహీనుడని చోరుని తోసివేయవలదు. కథ నడుమ మూషిక వాలమును సాధించి డ్రాగన్ రాజైన బహమూతునకు చూపినచో, వృత్తులన్నియు ఉన్నతరూపము పొందును. అప్పుడు చోరుడు నింజాయై, దాదాపు ఆయుధములన్నిటిని పట్టి, నల్లని మంత్రములను నాల్గవ తరగతివఱకు నేర్వగలడు. నేటి లోటును రేపటి ఫలముతో తూచుటయు ప్రణాళికలోని భాగమే.

తల్లిదండ్రులకొక మనవి. పిల్లలు ఎంతసేపు ఆడుదురో అడుగుట అవసరమే. అంతటితో ఆపక, “నీ దళములో ఎవరెవరున్నారు? ఏల?” అనియు ఇంటి భాషలో అడుగుడు. కారణము చెప్పగలిగిన బిడ్డ ఆలోచించి ఆడుచున్నాడని తెలియును. చెప్పలేకున్నచో ఆ ప్రశ్నయే ఆలోచన నేర్పును.

ఈ పాఠమును చదివి ఆ బాలుడు తన కొత్త దళమును గూర్చి ఒక పుట వ్రాసి తెచ్చెను. అందు రెండు అక్షరదోషములున్నవి. తెలుగు మాట తోచక విడిచిన చోటు ఒక్కటియు లేదు.

అభ్యాసము

1. పై దళములో ముష్టియోధునికి 10 నాణెముల జంటకఱ్ఱ కొన్నచో ఔషధమునకు ఎంత తక్కువ పడును? తొలి స్థాయిలో అతని వట్టి చేతికి బలము చాలదు. కఱ్ఱ కొందువా, ఔషధము కొందువా? కారణము వ్రాయుము.
2. వేర్వేరు వృత్తులవారు నలుగురు గల దళములు 15 అని పట్టిక వేసి చూపుము.
3. నీవు ఎన్నుకొను నలుగురెవరు? ఒకని లోటును మఱియొకడెట్లు తీర్చునో పది వాక్యములలో తెలుపుము.