సోన్‌పూర్ సంత – పశువును కొనేవారికి ఒక పాఠం

బీహారులో గండకీ నది గంగలో కలిసే చోట సోన్‌పూర్ ఉంది. గజేంద్ర మోక్షం జరిగిన తావు అదేనని అక్కడివారి నమ్మకం. ఏటా కార్తీక పౌర్ణమికి యాత్రికులు నదీస్నానం చేసి హరిహరనాథుని దర్శిస్తారు. ఆ రోజుల్లోనే పెద్ద పశువుల సంత మొదలవుతుంది. ఒకప్పుడు ఏనుగులకు పేరుపడ్డ సంత అది. 2003లో చట్టాన్ని సవరించి వాటి అమ్మకాన్ని నిషేధించారు.

ఇన్ని ఊళ్ల పశువులు ఒక్కచోట చేరితే గాలికుంటు వ్యాధి కూడా చేరుతుంది. వ్యాధి సోకిన పశువు 2 నుంచి 14 రోజుల వరకు పైకి బాగానే కనిపించవచ్చు. కనుక సభ్యులు ఏ సంతలో కొన్నా, పశువును తిన్నగా కొట్టంలోకి తోలరాదు. 3 వారాలు దూరంగా కట్టి, మేత, నీటితొట్టి వేరుగా పెట్టాలి. ఇంటి పశువుల పని ముగిశాకే దాని దగ్గరకు వెళ్లాలి. తొందరపడితే నష్టం ఒక్క ఇంటితో ఆగదు, సంఘానికి వచ్చే పాలే తగ్గిపోతాయి.

పొదుగు నిండుగా ఉందని మురిసిపోకండి. ముందుపూట పితకకుండా నిలిపి చూపే బేరగాళ్లు ఏ సంతలోనైనా ఉంటారు. మీ ఎదుట ఒకసారి పూర్తిగా పితికించి, తరువాతి రెండు పూటల పాలు కొలవండి. అవే అసలు పాలు. ఇందుకు ఒప్పుకోకపోతే బేరం వదిలేయడమే మేలు. టీకా ఎప్పుడు వేయించారో కూడా అడగండి. తెలియకుంటే పశువైద్యుని సలహా తీసుకోండి.