సుడి ఒకటే, మాటలు పది
(ఇంగ్లీషు పర్యాయపదాలు నేర్చుకునే పద్ధతి)



పోటీ పరీక్షల్లో ఇంగ్లీషు పేపరు అనగానే మన పిల్లలు పర్యాయపదాల పట్టిక తెచ్చుకొని బట్టీ పడతారు. ఒక మాటకు ఎదురుగా అయిదు మాటలుంటాయి. అయిదింటికీ అర్థం ఒకటే అనుకుంటారు. పరీక్షలో మాత్రం వాటిలో రెండింటిని పక్కపక్కనే ఇచ్చి, వాక్యానికి ఏది సరిపోతుందో చెప్పమంటారు. మార్కు పోయేది అక్కడే. బ్యాంకులో లెక్కలు రాసినవాణ్ణి కనుక ఒక పోలిక చెబుతాను. జమ, ఖర్చు రెండూ డబ్బు సంగతే. అయినా ఒకదాని గడిలో రెండోది రాస్తే ఆ రోజు లెక్క తేలదు. పర్యాయపదాలూ అంతే.

ఈసారి 'సుడి'కి సంబంధించిన మాటలు చూద్దాం. వీటి కోసం నిఘంటువు ముందు వేసుకొని భయపడనక్కరలేదు. మన తుంగభద్రలో, మన వంటింట్లో, మన మగ్గాల దగ్గర ఇవన్నీ ఉన్నాయి. కొత్త మాట కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: తిరిగేది నీరా, గాలా, మరొకటా?
రెండు: అది ఎంత పెద్దది?
మూడు: అక్కడే తిప్పుతుందా, లోపలికి లాగుతుందా, ముందుకు తోస్తుందా?

1. ఎడ్డీ: ఏటిలో బండరాయికో, వంతెన స్తంభానికో నీరు కొట్టుకొని, దాని వెనుక వెనక్కి మళ్ళి చిన్నగా తిరుగుతుంది. ఆ సుళ్ళే ఎడ్డీలు. అసలు ప్రవాహానికి ఎదురు తిరగడం దీని గుర్తు. పైకి నెమ్మదిగా కనిపించినా నమ్మరాదు. స్నానానికి దిగినప్పుడు సుళ్ళు తిరిగేచోటికి పోవద్దని పెద్దలు అనేది అందుకే.

2. స్వర్ల్: మెల్లగా, కంటికి ఇంపుగా తిరగడం. రంగు తొట్టిలో నూలు ముంచే ముందు నీళ్ళలో రంగు చారలుగా తిరుగుతూ కలుస్తుంది కదా, అది స్వర్ల్. పొగకూ, దుమ్ముకూ కూడా ఈ మాట వాడతారు.

3. వర్ల్: గిరగిర తిరగడం. ఇందులో వేగం ముఖ్యం. వేసవిలో చేలల్లో లేచే సుడిగాలి వర్ల్‌విండ్. మన సుడిని సరిహద్దు అవతల బళ్ళారి వైపు కన్నడంలో సుళి అంటారు.

4. వోర్ల్: పై మాటకు తోబుట్టువు. స్పెల్లింగులో ఐ బదులు ఓ వస్తుంది. నూలు వడికే కదురుకు తొడిగే గుండ్రని బిళ్ళ పేరు ఇదే. తలమీది జుట్టు సుడి, వేలిముద్రలోని సుడి కూడా వోర్ల్‌లే. ఇది కదలిక కాదు, ఆకారం. ఈ తేడా గుర్తుంటే రెండు మాటలూ కలగాపులగం కావు.

5. వర్ల్‌పూల్: సుడిగుండం. బట్టలుతికే యంత్రాల మీద ఈ పేరు చూసే ఉంటారు. తిప్పడంతో ఆగదు, మధ్యలోకి లాగుతుంది.

6. వోర్టెక్స్: సైన్సు పుస్తకాల మాట. నీటికీ గాలికీ రెండింటికీ చెల్లుతుంది. లాటిన్‌లో 'తిరుగు' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. బహువచనం వోర్టిసెస్.

7. మేల్‌స్ట్రామ్: మహా సుడిగుండం. డచ్చి భాషలో దీనికి 'విసిరే ప్రవాహం' అని అర్థం. విసరడమంటే తిరగలి విసరడమే. నార్వే తీరంలోని ఒక భయంకరమైన సముద్ర ప్రవాహానికి ఈ పేరు పెట్టారు. ఇప్పుడు ఎక్కువగా పోలికగా వాడుతున్నారు. 1947 దేశ విభజన కల్లోలాన్ని చెప్పడానికి ఇది తగిన మాట. చెరువులోని చిన్న సుడికి వాడితే నవ్వుతారు.

8. టర్బులెన్స్: లాటిన్‌లో జనసమ్మర్దం, గందరగోళం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఇందులో ఒకే సుడి ఉండదు. చిన్నా పెద్దా సుళ్ళు అడ్డదిడ్డంగా ఉంటాయి. 2009 అక్టోబరు మొదట్లో మంత్రాలయాన్నీ, కర్నూలునూ ముంచెత్తిన తుంగభద్ర వరదను చెప్పాలంటే టర్బులెంట్ అనాలి, స్వర్లింగ్ అంటే చాలదు.

9. చర్న్: కవ్వంతో చిలకడం. కడుపులో తిప్పినట్లున్నా ఇదే మాట.

10. సైక్లోన్: ఈ మాట పుట్టింది మన దేశంలోనే. కలకత్తాలో ఉండి బంగాళాఖాతం తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని ప్రతిపాదించాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట దీనికి మూలం. తుఫానులో గాలి నేరుగా వీచదు, చుట్ట తిరుగుతుందని నావికులకు తెలియజెప్పడం ఆయన ఉద్దేశం. వాతావరణ వార్తల్లో వినే 'ఆవర్తనం' కూడా ఈ తిరగడమే.

ఇక ఒక హెచ్చరిక. కొన్ని పట్టికల్లో సర్జ్ అనే మాటను కూడా ఈ వరుసలో చేరుస్తారు. మూడో ప్రశ్న వేయండి. సర్జ్ తిరగదు, ముందుకు తోసుకొస్తుంది. అదే మన ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది ముఖ్యంగా గాలి కాదు, ఊళ్ళ మీద పడిన ఉప్పెన. సైక్లోన్ వేరు, సర్జ్ వేరు అని తెలియడం మార్కుకే కాదు, ప్రాణానికీ అవసరమే.

చివరగా తల్లిదండ్రుల కోసం ఇంకొక మాట: స్పైరల్. వలయంలో తిరిగితే బయలుదేరిన చోటికే వస్తాం. స్పైరల్‌లో రాము. ప్రతి చుట్టుకూ దూరం పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. అప్పు పెరిగే తీరును ఇంగ్లీషులో డెట్ స్పైరల్ అంటారు. నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి 10,000 రూపాయలు తెచ్చి, వడ్డీ కట్టకుండా నెలనెలా అసలులో కలుపుతూ పోతే ఏడాదికి 14,258 రూపాయలు, రెండేళ్ళకు 20,328 రూపాయలు అవుతుంది. ఫీజు గడువు దగ్గర పడిందని ఆ సుడిలో దిగకండి. ముందు కళాశాలను గడువు అడగండి. బ్యాంకులో విద్యారుణం గురించి విచారించండి. మన ట్రస్టు ఉపకార వేతనం దరఖాస్తు చివరి రోజు దాకా ఆపకండి.

అభ్యాసం: ఏ మాట సరిపోతుంది?
(అ) వంతెన స్తంభం వెనుక ఎండుటాకు నెమ్మదిగా తిరుగుతోంది.
(ఆ) టీలో పోసిన పాలు చారలుగా తిరుగుతూ కలుస్తున్నాయి.
(ఇ) మేఘాల్లో విమానం ఒక్కసారిగా అదిరింది.
(ఈ) గేటు తీయగానే జనం లోపలికి తోసుకొచ్చారు.

జవాబులు: (అ) ఎడ్డీ (ఆ) స్వర్ల్ (ఇ) టర్బులెన్స్ (ఈ) సర్జ్.

రోజుకు రెండు మాటలు చాలు. ఒక్కొక్క మాటకు మీరు కళ్ళారా చూసిన ఒక దృశ్యాన్ని నోటుపుస్తకంలో తెలుగులోనే రాసుకోండి. బట్టీ పట్టింది పరీక్ష హాల్లో జారిపోవచ్చు గానీ, చూసింది జారిపోదు.