జపాను ఆపిల్ తోటలు: వృద్ధ దంపతులకు కోతసాయము

తోటను పెంచిన దంపతులు వృద్ధులై, పిల్లలు పట్టణములకు వెడలిపోయినచో, చెట్టున పండిన ఫలములను కోయువారెవరు? జపాను గ్రామములను నేడు వేధించుచున్న సమస్య ఇదియే. ఆ దేశమున 2015లో సొంత సేద్యమే ముఖ్యవృత్తిగా గలవారు సుమారు 17 లక్షల 57 వేలమంది యుండిరి. 2020 నాటి వ్యవసాయ గణనలో వారి సంఖ్య 13 లక్షల 63 వేలకు తగ్గినది. సగటు వయస్సు 67.8 సంవత్సరములు. ఇట్టి చోట గ్రామము చేయదగిన సాయమెట్టిదో పంచాయతీ సభ్యులకు ఈ పాఠమున వివరింపదలచితిమి.

ఉత్తర జపానులోని అవొమొరి ప్రాంతమున ఆపిల్ సాగు 1875లో ఆరంభమైనది. దేశమున పండు ఆపిల్ పండ్లలో సగమునకు పైగా నేడు అచ్చటివే. 1962లో నామకరణము జరిగిన ‘ఫూజీ’ రకము పుట్టినదియు అచ్చటనే. ఫూజీ కోత అక్టోబరు చివర మొదలై నవంబరు మధ్యకు ముగియవలెను. ఆపైన మంచు కురియును. ఏడాది శ్రమ యంతయు ఆ కొద్ది వారములపై ఆధారపడియున్నది. ఆ సమయమున డెబ్బది యేండ్లు దాటిన భర్త నిచ్చెన యెక్కవలెను. ఆయన భార్య నిండిన పెట్టెల నెత్తవలెను.

సాయమునకు పోవువారు మొదట పని నేర్చుకొనవలెను. పండును పట్టి లాగరాదు. అరచేతిలో నిలిపి, మెల్లగా పైకెత్తి త్రిప్పినచో తొడిమతో సహా ఊడివచ్చును. ప్రక్కనున్న మొగ్గ విరిగినచో మరుసటి యేటి కాపు పోవును. పండును బుట్టలో పడవేయక, దించి యుంచవలెను. కమిలిన పండునకు ధర రాదు. చలికి గడ్డకట్టిన పండును అది కరగువరకు ముట్టరాదు. మూడుకాళ్ళ నిచ్చెనను సమతలముగా నిలిపిన పిదపనే యెక్కవలెను. ఎత్తుపని, బరువుపని వచ్చినవారు చేయవలెను. ఏ చెట్టు ముందు, ఏ పండు పిదప అను నిర్ణయము మాత్రము ఆ దంపతులదే. వారికి తగ్గినది దేహబలమేగాని తెలివి కాదు.

ఇది ఒక్క కుటుంబపు కష్టమని గ్రామము తలచరాదు. పోషణలేక విడిచిన తోటలో పురుగులును తెగుళ్ళును పెరిగి, ఇరుగుపొరుగు తోటలకు ప్రాకును. ఒక వృద్ధుడు కత్తెర క్రింద పెట్టిన నష్టము ఊరంతటికిని చుట్టుకొనును.

పూర్వము జపాను పల్లెలలో ‘యుయి’ అను ఆచారముండెడిది. నేడు నీ పొలమున నేను, రేపు నా పొలమున నీవు అను మన బదులుపని వంటిదే యది. ఊరిలో యువకులు తగ్గినకొలది బదులు తీర్చువారు కరవైరి. అందుచే స్థానిక సంస్థలు ముందుకు వచ్చినవి. అవొమొరిలోని హిరోసాకి నగరపాలక సంస్థ 2021లో తన ఉద్యోగులు తీరిక వేళలందు కూలి పుచ్చుకొని ఆపిల్ తోటలలో పనిచేయుటకు అనుమతించినది. యామగాట ప్రాంత ప్రభుత్వము 2022లో చెర్రీ పండ్ల కోతకు ఇట్టి యేర్పాటే చేసినది. ఉచితసేవ యని మొగమాటపడవలసిన పని దంపతులకు లేదు; కష్టమునకు కూలి దక్కునను నమ్మకము వచ్చినవారికి గలదు.

సభ్యులు గ్రహింపదగినవి మూడు. కోతకు ముందే ఏ యింట చేతులు చాలవో విచారించి తెలిసికొనవలెను. పనివారిని సరియైన వారమున సమకూర్చి, కూలిని ముందుగనే నిర్ణయింపవలెను. వృద్ధుల యనుభవమును వచ్చినవారు నేర్చుకొనునట్లు చూడవలెను. ఈ మూడవదానిని మరచినచో ఆ యేటి పంట యిల్లు చేరునేమోగాని, ఆ దంపతుల తరువాత తోటను చూచువా రుండరు.