పాత లారీ ఎందుకు లాగదు?

ఆకివీడు ప్రాంతపు విద్యార్థికి లారీని గూర్చి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కొల్లేటి చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి చేపలు ఐసులో సర్దుకుని, వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలోని హౌరా బజారుకు లారీలమీదనే పోతాయి. దూర ప్రయాణాలకు కొత్త బండ్లు వచ్చినా, చెరువు గట్లమీద తవుడు బస్తాలు, ఐసు దిమ్మలు మోసే పాత బండ్లు ఇంకా తిరుగుతూనే వున్నాయి.

1954లో టాటా వారు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ కంపెనీ సహకారంతో లారీల తయారీ ప్రారంభించారు. మనవాళ్ళకు 'బెంజి లారీ' అన్న మాట అప్పటినుంచే అలవాటైంది. ఆనాటి తరహా ఇంజన్లలో కంప్యూటరు లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణాల బండికి జబ్బు చేస్తే డ్రైవరు ముందు దీపం వెలుగుతుంది, దోషం ఎక్కడుందో కొంతవరకు యంత్రమే చెబుతుంది. పాత బండికి ఆ సదుపాయం లేదు గనుక పొగను, శబ్దాన్ని, వేడిని చూసి మనమే తెలుసుకోవాలి.

బండి ఎత్తుకోకపోతే చాలామంది చేసే మొదటి పని పంపు విప్పించడం. అది ఖరీదైన భాగం. తీరా బిగించాక కూడా బండి లాగదు! ఒక్క బండిమీద బ్రతికే యజమానికి ఖర్చూ పోయె, కిరాయీ పోయె. అందుచేత ఖర్చులేని పరీక్షలు ముందు, ఖర్చయ్యేవి తర్వాత అన్నదే ఈ వ్యాసంలోని ముఖ్య సూత్రం.

మొదట డ్రైవరును అడగాలి

'లాగడం లేదు', 'పికప్ లేదు', 'మిస్సింగ్ కొడుతోంది' అనే మూడు మాటలూ ఒకటి కావు. మొదటిది మొత్తంమీద శక్తి తగ్గడం. రెండవది ఎక్సలేటర్ తొక్కిన తర్వాత కాస్త ఆగి స్పందించడం. మూడవది ఏదో ఒక సిలిండరు సరిగా పేలకపోవడం. ఎప్పటినుంచి? లోడుతోనా, ఖాళీగానా? స్టార్టు చేసిన వెంటనేనా, కొంతదూరం పోయాకనా? మనది పల్లపు భూమి గనుక శక్తి తగ్గిన సంగతి చాలాకాలం బయటపడదు. నిండు లోడుతో గట్టు ఎక్కేటప్పుడో, వంతెన ఎక్కేటప్పుడో తెలుస్తుంది.

దోషం ఇంజనుదేనా?

ఇంజను హోరెత్తుతున్నా బండి వేగం అందుకోకపోతే క్లచ్ జారుతున్నదన్నమాట. కాసేపు నడిపి ఆపి, చక్రాల డ్రమ్ముల దగ్గరకు చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోవద్దు. ఒక్క చక్రం మాత్రం మిగతావాటికంటే సెగలు కక్కుతూంటే ఆ బ్రేకు పట్టేసి వుంది. అలాగే పెడలు పూర్తిగా తొక్కినపుడు పంపుమీది లీవరు చివరిదాకా పోతున్నదో లేదో మరొకరిచేత చూపించాలి. ఈ మూడింటికీ ఖర్చు లేదు.

డీజిలు దారి

టాంకు, ఫీడ్ పంపు, ఫిల్టర్లు, ఇంజెక్షన్ పంపు, నాజిళ్ళు - డీజిలు నడిచే వరుస ఇది. పరీక్షా ఇదే వరుసలో జరగాలి. టాంకు మూతకు గాలి రంధ్రం వుంటుంది. అది మూసుకుపోతే కొంతదూరం నడిచాక టాంకులో శూన్యం ఏర్పడి డీజిలు రాదు. మూత వదులు చేయగానే 'స్‌స్' మని గాలి లోపలికి పోయి బండి మళ్ళీ లాగితే రోగం దొరికినట్లే.

కొల్లేటి ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీగా వున్న టాంకు రాత్రి చల్లబడితే లోపల నీటిచుక్కలు పడతాయి. కనుక టాంకు అడుగునుంచి, ఫిల్టరు గిన్నె నుంచి కాస్త డీజిలు గాజు సీసాలోకి వదిలి చూడాలి. నీరు బరువు గనుక అడుగున నిలుస్తుంది.

టాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య గొట్టం చీలితే డీజిలు బయటకు కారకపోవచ్చు. అక్కడ పంపు పీలుస్తూ వుంటుంది కాబట్టి గాలే లోపలికి పోతుంది! ఫిల్టరుమీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టినపుడు బుడగలు ఆగకుండా వస్తే ఇదే అనుమానించాలి. శుభ్రమైన డీజిలు డబ్బానుంచి వేరే గొట్టంతో ఫీడ్ పంపుకు అందించి చూడండి. ఇంజను బాగుపడితే లోపం టాంకు వైపే వుంది.

గాలి, పొగ

ఒక లీటరు డీజిలు పూర్తిగా మండటానికి సుమారు 12 కిలోల గాలి, అనగా దాదాపు 10 ఘనపు మీటర్లు కావాలి. తవుడు, ఊక దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ క్లీనరు తొందరగా పూడుతుంది. నల్లపొగ వస్తే గాలి తక్కువైనా అయివుండాలి, డీజిలు ఎక్కువైనా అయివుండాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ పోకపోతే డీజిలు సరిగా మండడం లేదు, లేదా నీరు చేరింది. నీలిపొగ ఇంజనాయిలు కాలుతున్న గుర్తు.

సిలిండర్ల వంతు

నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క నాజిలు 1000 సార్లు చిమ్మాలి. మిస్సింగ్ వుంటే ఇంజనును ఐడిలింగ్‌లో వుంచి, నాజిలు గొట్టాల నట్లు ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసి మళ్ళీ బిగించాలి. మంచి సిలిండరుదైతే శబ్దం మారి ఇంజను తడబడుతుంది. ఏది వదులు చేసినా తేడా రాలేదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకు పోగలదు. చెయ్యి, మొహం దూరంగా వుంచి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

ఆ నాజిలును మరో సిలిండరుకు మార్చి చూడండి. రోగమూ దానితో వెళితే నాజిలు చెడింది. వెళ్ళకపోతే టాపెట్ సందులు, ఆపైన కంప్రెషన్ చూడాలి. డీజిలు ఇంజనుకు స్పార్క్ ప్లగ్ లేదు. గాలిని నొక్కగా పుట్టే 500 డిగ్రీల పైబడిన వేడే డీజిలును అంటిస్తుంది. వాల్వులు, రింగులు అరిగితే ఆ వేడి పుట్టదు. ఆయిలు పోసే మూత తీసినపుడు పొగ గుప్పుగుప్పుమని కొడితే రింగులు చూసుకోవలసిందే.

ఇవన్నీ సరిగా వున్నాయని తేలాకనే పంపును విప్పాలి. అదీ చెట్టుకింద కాదు, కొలిచే పరికరాలున్న చోట.

విద్యార్థి మిత్రులారా! ఒకేసారి రెండు భాగాలు మార్చకండి. బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. చేసిన ప్రతి పరీక్షను, దాని ఫలితాన్ని ఒక పుస్తకంలో రాసి వుంచండి. మన షెడ్లలోని మేస్త్రీలకు చెవితో విని రోగం చెప్పే నేర్పు వుంది. మనకు కారణం వివరించే చదువు వుంది. వారి పక్కన నిలబడి నేర్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. ఆ రెండూ కలిసినప్పుడే బండి యజమానికి అనవసరపు ఖర్చు తప్పుతుంది, చేపలమీది ఐసు కరగకముందే లారీ కదులుతుంది.