చల్లారాక లోపల మిగిలేది



బదిలీ అయి కొత్త క్వార్టర్‌కు చేరాక మేము చేసే పనుల్లో ఒకటి, దారిలో నలిగిన పుస్తకాలను బాగుచేసుకోవడం. ఒకసారి ఒక పుస్తకం అట్టకు ఒకవైపు మాత్రమే మైదా జిగురుతో కాగితం అంటించాం. రాత్రి చదునుగానే ఉంది. తెల్లారేసరికి కాగితం ఉన్న వైపుకు వంగిపోయింది! జిగురు తడికి సాగిన కాగితం ఆరుతూ ముడుచుకుంది. అట్ట అంతగా ముడుచుకోలేదు. అతుక్కున్న రెండింటిలో ఒకటే ముడుచుకుంటే వంపు తప్పదు.

విమాన భాగాలు తయారుచేసేవారికి ఎదురయ్యే సమస్య కూడా ఇదే. వేడిచేస్తే మెత్తబడి, చల్లారితే గట్టిపడి, మళ్లీ వేడిచేస్తే మెత్తబడే ప్లాస్టిక్ థెర్మోప్లాస్టిక్. మన ఇంట్లోని బకెట్ అలాంటిదే. దానిలో గాజు పోగులో, కార్బన్ పోగులో పొదిగితే తేలికైన, బలమైన కాంపోజిట్ తయారవుతుంది. ఎయిర్‌బస్ ఎ380 రెక్కల ముందు అంచుకు గాజు పోగులు పొదిగిన థెర్మోప్లాస్టిక్‌నే వాడారు.

'పీక్' అనే థెర్మోప్లాస్టిక్‌ను తీసుకుందాం. అది సుమారు 343 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కరిగిన ప్లాస్టిక్‌ను కార్బన్ పోగులతో కలిపి అచ్చులో నొక్కి చల్లారుస్తారు. చల్లారేకొద్దీ ప్లాస్టిక్ బాగా ముడుచుకుంటుంది. కార్బన్ పోగు పొడవు మాత్రం దాదాపు మారదు. ముడుచుకోబోయే ప్లాస్టిక్‌ను పోగు ఆపుతుంది. పోగును ప్లాస్టిక్ నొక్కుతుంది. బయటి నుంచి ఏ బలమూ లేకున్నా లోపల పెనుగులాట మిగిలిపోతుంది. మీరు భౌతికశాస్త్రంలో స్ట్రెస్, స్ట్రెయిన్ అని చదివేవాటిని తెలుగులో ప్రతిబలం, వికృతి అంటాం. తయారీ ముగిశాక లోపల మిగిలిపోయేది అవశేష వికృతి.

మరి ఎంత వేగంగా చల్లార్చాలి? త్వరగా చల్లారిస్తే పైపొర ముందే గట్టిపడుతుంది, లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. తరువాత లోపలిది ముడుచుకోబోతే గట్టిపడిన పైపొర అడ్డుపడుతుంది. చివరకు పైపొర నొక్కుడులోనూ, లోపలి భాగం లాగుడులోనూ ఉండిపోతాయి. నెమ్మదిగా చల్లారిస్తే ఈ తేడా తగ్గుతుంది. అయితే పీక్ వంటి ప్లాస్టిక్‌లో అణువులు వరుసగా సర్దుకుని స్ఫటికాలు కావడానికి సమయం దొరుకుతుంది. అణువులు దగ్గరగా చేరడం వల్ల సంకోచం ఇంకా పెరుగుతుంది. వస్తువు బిరుసుగా, రసాయనాలకు లొంగకుండా తయారవుతుంది గాని, దెబ్బకు తట్టుకునే గుణం కొంత తగ్గుతుంది. అందుకే వేగాన్ని వస్తువు అవసరాన్ని బట్టి ఎంచుకుంటారు.

ఒక పొరలో పోగులు నిలువుగా, రెండో పొరలో అడ్డంగా పెట్టి చల్లారిస్తే ఆ పలక మా అట్టలాగే వంగుతుంది. ఆ వంపును కొలిచి లోపలి వికృతిని లెక్కకడతారు. నిలువు, అడ్డం, అడ్డం, నిలువు అని నాలుగు పొరలు పేరిస్తే పలక చదునుగా వస్తుంది. కానీ పెనుగులాట పోలేదు. ఇరువైపులా సమానమై కనబడడం లేదు, అంతే! తరువాత బరువు పడినప్పుడు పగుళ్లు త్వరగా మొదలవడానికి అదే కారణం కావచ్చు. అందుకే వెంట్రుకలా సన్నని కాంతి తంతువులను ముందే లోపల పొదిగి, చల్లారుతున్నప్పుడే వికృతిని కొలిచే పద్ధతి కూడా ఉంది.

మీరూ చేసి చూడండి. రెండు అట్టముక్కలు తీసుకోండి. ఒకదానికి ఒకవైపు, రెండోదానికి రెండువైపులా జిగురుతో కాగితం అంటించండి. మర్నాడు పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు వంగిందో, రెండోది ఎందుకు వంగలేదో నోటుపుస్తకంలో రాయండి.

ఈ పాఠం మాకూ పనికొచ్చింది. ఏడాది మధ్యలో వచ్చి చేరిన విద్యార్థి నిటారుగా కూర్చుని, అడిగినదానికి జవాబు చెబితే "బాగానే సర్దుకున్నాడు" అనుకుని ముందుకు సాగిన రోజులున్నాయి. ఇప్పుడు కాస్త ఆగి, పాత బడి గురించి అడుగుతున్నాం. మీ పక్కన కొత్తగా కూర్చున్నవారిని మీరూ అడగండి.