ఇష్టగీతముల కూర్పు

ప్రశ్న: మా హైదరాబాదు బ్యాండ్ల పాటలలో నాకు నచ్చినవానిని ఒక్క క్యాసెట్టుగా కూర్చుకొనదలచితిని. ఏ క్రమమున కూర్చవలెను?

జవాబు: సి-90 క్యాసెట్టునకు ఒక్కొక్క ప్రక్కన 45 నిమిషములే నిడివి గనుక, పాటల నిడివులను ముందుగా కూడుకొని, రెండు ప్రక్కలను రెండు కచేరీలుగా భావించి, జానపదమునకు రెగ్గే లయను జతపరచిన చౌరస్తా బృందము వారి ఉత్సాహభరిత గీతముతో ఆరంభించి, ఆ వెంటనే మరియొక ఉద్ధృత గీతమును గాక, గాత్రమును గిటారును మాత్రమే వినిపించు మంద్రగీతమును నిలుపుడు. చెవికి విశ్రాంతి లభించినప్పుడే తరువాతి డ్రమ్ముల నాదము పూర్ణబలముతో హృదయమును తాకును. పాట మధ్యలో టేపు ముగియుటకంటె చివర ఒక నిమిషము శూన్యముగా విడుచుట మేలని నా దృఢాభిప్రాయము. పని ముగిసిన పిమ్మట క్యాసెట్టు వెనుక అంచుననున్న రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్ళలను విరిచివేసినచో, పొరపాటున చెరిగిపోవు భయముండదు.